ఆల్టెన్‌గ్రుండ్ స్వతంత్ర అభ్యర్థి

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం. జర్మనీలోని హార్జ్ కొండల మీద మోకాలి లోతు మంచు పడి ఉంది. నెలల తరబడి తానే చూసుకున్న గర్భిణికి మంగ ఫోన్లో "ఇక్కడికి రావద్దు" అని చెప్పాల్సి వచ్చింది.

మంగది బాపట్ల దగ్గర పల్లె. గుంటూరులో నర్సింగ్ చదివింది. పెళ్ళయ్యాక భర్త ఇస్సాకు వెంట జర్మనీ వచ్చి, భాష నేర్చుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివి మిడ్‌వైఫ్ అయింది. ఆల్టెన్‌గ్రుండ్ అనే చిన్న ఊళ్ళో ఉద్యోగం. చుట్టూ కొండల్లో ఉన్న పల్లెలన్నిటికీ ఉన్నది ఆ ఒక్క ఆసుపత్రే. ఒకప్పుడది జిల్లా ఆసుపత్రి. నష్టాలొస్తున్నాయని జిల్లావాళ్ళు దాన్ని ఒక కంపెనీకి అమ్మేశారు. కరోనా వచ్చాక డాక్టర్లు దొరకడం లేదంటూ కంపెనీ శని ఆదివారాలు కాన్పుల గది మూసేయడం మొదలుపెట్టింది. డాక్టరు లేకపోతే మిడ్‌వైఫ్ ఉన్నా లేనట్టే. ఆ రెండు రోజులూ మంగలాంటివాళ్ళు పుట్టిన పిల్లల్ని, బాలింతల్ని చూసుకోవాలి తప్ప కొత్తవాళ్ళని తీసుకోకూడదు.

ఆ రోజు ఫోన్ చేసింది రాజ్యశ్రీ. హనుమకొండ అమ్మాయి. భర్త కమలాకర్ క్లాస్తాల్ యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్నాడు.

"అక్కా, నొప్పులు షురూ అయినయ్. బయల్దేరుతున్నం."

"రాజీ, ఇక్కడికి రావద్దమ్మా. ఇవాళ కాన్పుల గది లేదు. కింద పట్నం పోవాలి. నేనే అంబులెన్స్‌కి చెప్తున్నా, మీరు కార్లో బయల్దేరొద్దు."

"గింత మంచుల పట్నం దాంక ఎట్ల పోతమక్కా? నువ్వు ఆడ్నే ఉన్నవ్ గద?"

"ఉన్నాను. ఉన్నా రావద్దు."

ఘాట్ రోడ్డులో ఒక లారీ అడ్డం తిరిగి అంబులెన్స్ ఆగిపోయింది. పాప అందులోనే, రోడ్డు పక్కన పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. అంబులెన్స్‌లో ఉన్న కుర్రాళ్ళిద్దరూ చేతనైనంత చేశారు. తల్లికి ఏమీ కాలేదు గానీ పాపని చాలా రోజులు అద్దాలపెట్టెలో ఉంచారు. చివరికి బతికి బయటపడింది. ఆ కబురు తెలిసేదాకా మంగ ఇంట్లో ఒక్కచోట కూర్చోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళేది, పొయ్యి దగ్గరికి వచ్చేది, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

"నేను తలుపు తీసి ఉంటే ఏమయ్యేదండీ?" అంది ఒక పొద్దున ఇస్సాకుతో. "ఉద్యోగం పోయేది. అంతేగా."

ఇస్సాకు ఆమె చేతిలోని గిన్నె తీసుకుని తుడిచి పెట్టాడు. అతను పాత గనులని చూసే ఇంజనీరు. ఎప్పుడో తవ్వి వదిలేసిన సొరంగాల మీద ఇళ్ళు, రోడ్లు కుంగుతున్నాయేమో కొలిచే ఆఫీసులో పని. మాట తక్కువ మనిషి. మంగతో పాటే జర్మన్ పౌరసత్వం తీసుకుని చాలా ఏళ్ళయినా, ఓటు వేసి రావడమే తప్ప రాజకీయాల జోలికి పోయినవాడు కాదు. కానీ ఆ వారం జిల్లా సభ సమావేశం ఉందని పేపర్లో చూసి, ప్రజలు ప్రశ్నలడిగే సమయానికి మాస్కు పెట్టుకుని వెళ్ళి కూర్చున్నాడు.

అతను అడిగింది చిన్న ప్రశ్న. ఆసుపత్రి అమ్మినప్పుడు ప్రసూతి వార్డు నడపాలని కంపెనీతో ఒప్పుకున్నారా, లేదా?

"ఒప్పందంలో ఏముందో చెప్పడం కుదరదు. అది వ్యాపార రహస్యం," అన్నాడు అధికారి.

"ఆసుపత్రి మనది. అమ్మింది మనం. రహస్యం ఎవరి దగ్గర?" అని అడిగాడు ఇస్సాకు.

ఒక్కరికి ఒక్క ప్రశ్నే అన్నారు. బయటికొచ్చాక ఒక ముసలాయన మెట్ల మీద అతన్ని ఆపి ఇంకో సంగతి చెప్పాడు. ఆసుపత్రి అమ్మిన రోజుల్లో జిల్లాకి పెద్దగా ఉన్న మనిషి, పదవి దిగగానే అదే కంపెనీ సలహా మండలిలో చేరాడట. దాపరికమేమీ లేదు, కంపెనీ వెబ్‌సైట్లో ఫొటో కూడా ఉంది. చట్టప్రకారం తప్పు కూడా కాదు.

"తప్పు కాకపోవడమే నన్ను తినేస్తోంది మంగా," అన్నాడు ఇస్సాకు ఇంటికొచ్చి. ఆ తర్వాత చాలా రోజులు చదివాడు. ఆసుపత్రులకు డబ్బు ఎలా వస్తుందో, మోకాలి ఆపరేషన్ ఎందుకు గిట్టుబాటవుతుందో, కాన్పు ఎందుకు గిట్టుబాటు కాదో. ఆ లెక్కలు రాసేది జిల్లాలో కాదు, బెర్లిన్‌లో. సెప్టెంబర్లో పార్లమెంటు ఎన్నికలు. ఈస్టర్ మర్నాడు భోజనాల దగ్గర, "నేను బుందేస్టాగ్‌కి నిలబడదామనుకుంటున్నా. పార్టీ లేకుండా," అన్నాడు.

మంగ గరిటె గిన్నెలో వదిలేసింది.

"నేను పనిచేసేది ఆ కంపెనీలో."

"తెలుసు."

"తెలిసే అంటున్నారా?"

"అబద్ధాలేమీ చెప్పను. నీ పేరు ఎత్తను."

"ఈ కొండల్లో ఇస్సాకు భార్య ఎవరో ఎవరికి తెలీదు? నా పేరు ఎత్తాలా ఏంటి?"

అయినా అతను ఆగలేదు. స్వతంత్రుడిగా నిలబడాలంటే నియోజకవర్గంలో ఓటర్ల సంతకాలు కావాలి. కరోనా వల్ల ఆ ఏడాది కాస్త తక్కువ చాలన్నారు గానీ, ఇళ్ళలోకి ఎవరూ రానివ్వని రోజుల్లో అవైనా దొరకడం కష్టమే. శనివారాలు ఇస్సాకు బేకరీ ముందు బల్ల వేసుకుని నిలబడేవాడు. రొట్టె కోసం దూరం దూరంగా క్యూలో ఉన్నవాళ్ళకి వినపడేలా గొంతు పెంచి మాట్లాడేవాడు. మాస్కులో సగం మాట పోయేది.

అతను చెప్పేవి నాలుగు ముక్కలే. ప్రజల ఆస్తి అమ్మినా, అద్దెకిచ్చినా ఆ ఒప్పందం ప్రజలు చదవగలగాలి. పదవిలో ఉండి ఒక కంపెనీకి మేలు చేసినవాడు కొన్నేళ్ళపాటు ఆ కంపెనీ గడప తొక్కకూడదు. ఇక్కడ సలహా మండలిలో చేరిన పాత జిల్లా పెద్ద పేరు ఎత్తేవాడు. బెర్లిన్‌లో చట్టం రాసేటప్పుడు ఏ కంపెనీ మనిషి ఏ వాక్యం చేర్చమన్నాడో బయటపెట్టాలి. పల్లెటూరి ఆసుపత్రికి కేసుల లెక్కన కాక, అగ్నిమాపక దళానికి ఇచ్చినట్టు, ఉన్నందుకే డబ్బివ్వాలి.

"మంటలు రాలేదని ఫైరింజన్ అమ్మేస్తామా?" అని అడిగేవాడు. అది జనానికి తగిలింది. సంతకాలు వచ్చాయి.

మంగ మాత్రం సంతకం పెట్టలేదు. డ్యూటీకి వెళ్తూ బస్సులోంచి అతన్ని చూసేది. ఎండలో, వానలో, ఒక్కడే. ఒకసారి ఎవరో ఆయన ఇస్సాకు ముఖం మీదే, "మీది ఏ దేశం?" అని అడగడం, ఇస్సాకు "మీరున్న వీధికి రెండో వీధి" అనడం బస్టాపులోంచి విన్నది. నవ్వొచ్చింది. ఆ వెంటనే, బస్సొచ్చేదాకా ఆ మనిషినే చూస్తూ నిలబడింది. గడువు దగ్గరపడ్డాక ఒక శనివారం ఆమె కూడా క్యూలో నిలబడింది. తన వంతు వచ్చినప్పుడు ఇస్సాకు తలెత్తి చూశాడు.

"మీ పేరు?" అన్నాడు, అందరినీ అడిగినట్టే.

"చాల్లెండి," అని సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

వేసవిలో కరోనా కేసులు తగ్గి, జనం బయట కలుసుకోవడం మొదలయ్యాక ఇస్సాకు సభలకు వచ్చేవాళ్ళు పెరిగారు. అందులో కొందరు వేరే లెక్క వేసుకుని వచ్చారు. కంపెనీల మీద మాట్లాడుతున్నాడు కదా, టీకా కంపెనీల మీద కూడా మాట్లాడతాడని. ఒక సభలో ఒకాయన లేచి, ఇంజెక్షన్లన్నీ మోసమని చెప్పమన్నాడు.

"టీకా ఒప్పందాలు కూడా బయటపెట్టాలి. ధర తెలియాలి, షరతులు తెలియాలి," అన్నాడు ఇస్సాకు. "టీకా మాత్రం వేయించుకోండి. నేను వేయించుకున్నా. ఒప్పందం మీద నాకు అనుమానం ఉంది, మందు మీద లేదు."

వెనక వరసలవాళ్ళు నిరసనగా ఈలలు వేశారు. సగంమంది లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత అతని పోస్టర్ల మీద ఎవరో ముఖానికి నల్లరంగు పూశారు. ఇస్సాకు నిచ్చెన వేసుకుని వాటిని మార్చి వచ్చాడు. ఇంటికొచ్చాక దాని గురించి మాట్లాడలేదు. మంగ కూడా అడగలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఎదురుపడకుండా తిరగడం అప్పటికి అలవాటవుతోంది.

ఆగస్టులో ఒక రోజు డ్యూటీ అయ్యాక మంగని ఆఫీసు గదికి రమ్మన్నారు. అక్కడ ఉన్నది ఆసుపత్రి మేనేజరు కాదు. కంపెనీ ప్రాంతీయ అధికారి, బ్రాండ్‌హోర్స్ట్. ఎప్పుడూ వీడియోలో కనిపించే మనిషి. కాఫీ తానే పోసి ఇచ్చాడు. కిటికీ తెరిచి, దూరంగా కూర్చుని మాస్కు తీశాడు. మర్యాదగా మాట్లాడాడు.

"ఈ వార్డులో మీ అంత అనుభవం ఉన్నవాళ్ళు లేరు. మీ అభిప్రాయం కావాలి. వార్డు మూసేయడమా, నడపడమా అన్నది వచ్చే నెల తేలుతుంది."

మంగ కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది.

"నడపాలనే నాకూ ఉంది. ఇంకో ఏడాది, శని ఆదివారాలతో సహా. డాక్టర్లని వేరే ఊరి నుంచి తెప్పించొచ్చు. వార్డుకి ఒక ఇన్‌ఛార్జ్ కావాలి, మీరే ఉండొచ్చు. కానీ పైవాళ్ళు ఒకటి అడుగుతున్నారు. ప్రతి సంతలో మా పేరు, మా సలహాదారు పేరు వినపడుతుంటే ఆ ఊళ్ళో డబ్బు ఎందుకు పెట్టాలీ అని. మీ ఆయన ఎన్నికల్లో ఉండొద్దని ఎవరూ అనడం లేదు. మాట్లాడటానికి ఇంకా చాలా విషయాలున్నాయి కదా."

"ఇది మీరు నన్ను అడుగుతున్నారా, మా ఆయన్నా?"

"నేనేమీ అడగలేదు," అని నవ్వాడు బ్రాండ్‌హోర్స్ట్. "వార్డు గురించి మాట్లాడుకున్నాం. అంతే."

ఇంటికి వెళ్ళే బస్సెక్కి, రెండు స్టాపులు ముందే దిగిపోయి నడిచింది మంగ. కూర్చోవడం చేతకాలేదు. ఏడాది. ఒక ఏడాదిలో ఈ కొండల మీద ఎంతమంది పుడతారు? వాళ్ళ తల్లుల్లో ఎంతమందికి మంచులో నొప్పులొస్తాయి? ఇన్‌ఛార్జ్ ఉద్యోగం గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గుపడాల్సింది తను కాదు కదా అని కోపమొచ్చింది. ఇంటికి చేరేసరికి ఇస్సాకు కరపత్రాలు మడతపెడుతున్నాడు. నిలబడే అంతా చెప్పింది.

ఇస్సాకు మెల్లగా అన్నాడు. "ఇది లంచం మంగా."

"లంచం నాకివ్వట్లేదు. కడుపుతో ఉన్నవాళ్ళకిస్తున్నాడు."

"ఏడాది తర్వాత మూసేస్తాడు."

"మూయనీయండి. ఈ ఏడాది పుట్టేవాళ్ళు పుడతారుగా! మీ చట్టం ఎప్పుడొస్తుంది? మీరు గెలవాలి, బెర్లిన్ వెళ్ళాలి, అక్కడ ఇన్ని వందలమంది ఒప్పుకోవాలి. అప్పటిదాకా వాళ్ళు ఎక్కడ కనాలి? రోడ్డు మీదా?"

"నోరు మూసుకుంటే వార్డు, తెరిస్తే లేదు అంటున్నాడే, అదే నేను చెప్పేది! ఈ మాట రేపే సంతలో చెప్తా."

"చెప్పరు," అంది మంగ. "ఆ మాట నాతో అన్నాడు. మీతో కాదు. అది చెప్పాలా వద్దా అన్నది నాది. మీరు చెప్తే వాడు అననేలేదంటాడు. నా ఉద్యోగం పోతుంది, వార్డూ పోతుంది. మీకు మాత్రం చప్పట్లు."

ఇస్సాకు చేతిలో కాగితం సగం మడతలో ఆగిపోయింది. ఒప్పందాలన్నీ బయటపెట్టాలని ఊరూరా తిరుగుతున్న మనిషి. ఇంట్లో ఒకటి దాచుకోమంటోంది భార్య. చివరికి, చెప్పనని మాటిచ్చాడు.

ఆ తర్వాత రోజులు ఇద్దరికీ కుదురు లేకుండా గడిచాయి. ఇస్సాకు సభలకు వెళ్తున్నాడు గానీ సలహాదారు సంగతి వచ్చేసరికి తడబడుతున్నాడు. ఒక సంతలో అసలు ఎత్తలేదు. ఆ సంగతి ఆ సాయంత్రం తనే చెప్పాడు మంగకి.

"భయపడ్డారా?" అంది.

"తెలీదు. ఆ పేరు చెప్పబోతుంటే రాజ్యశ్రీ పాప గుర్తొచ్చింది."

మంగకి అది వినడానికి ఏమంత సంతోషంగా లేదు. తనే కోరుకున్నది కదా అనిపించింది. కానీ అతన్ని అలా చూడలేకపోయింది. వార్డులో అందరూ ఆమెతో ఇంకాస్త మర్యాదగా ఉంటున్నారు. మేనేజరు తలుపు తీసి పట్టుకుంటున్నాడు. అది ఒంటికి పట్టని బట్టలా చిరాకు పెట్టింది.

సెప్టెంబరు మొదట్లో ఆల్టెన్‌గ్రుండ్ మహిళా సంఘంవాళ్ళు అభ్యర్థులందరినీ పిలిచి టౌన్‌హాలు ముందు చౌకులో సభ పెట్టారు. కుర్చీలు దూరం దూరంగా వేశారు. లోపలికి వచ్చేముందు టీకా కాగితమో టెస్టు కాగితమో చూపించాలి. ఎండ బాగుంది. మంగ రాకూడదనుకుంటూనే వచ్చి చివరి వరసలో కూర్చుంది. రాజ్యశ్రీ కూడా పాపని ఎత్తుకుని వచ్చింది. ఆమెకి ఇక్కడ ఓటు లేదు.

"అక్కా, అన్న మంచిగ మాట్లాడ్తడా ఇయ్యాల?" అంది పక్కన కూర్చుంటూ.

"ఏమో రాజీ," అంది మంగ.

పెద్ద పార్టీల అభ్యర్థులు ఆసుపత్రి విషయంలో అందరూ ఒకటే మాట అన్నారు. వార్డు ఉండాల్సిందే, మేము పోరాడతాం అని. ఇస్సాకు తన నాలుగు ముక్కలు చెప్పాడు. సలహాదారు పేరు ఈసారి కూడా చెప్పలేదు. తర్వాత ప్రశ్నలు. బేకరీ నడిపే ఊలిగ్ అనే ఆవిడ మైకు తీసుకుంది.

"అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్న. ఈ ఎన్నికల్లో ఆసుపత్రి కంపెనీవాళ్ళు మీతో ఎవరితోనైనా విడిగా మాట్లాడారా?"

ఒక్కొక్కరే లేదన్నారు. ఒకాయన ఏదో సమావేశంలో కలిశానన్నాడు. ఇస్సాకు వంతు వచ్చింది. లేదంటే అబద్ధం కాదు. అతనితో ఎవరూ మాట్లాడలేదు. మైకు నోటిదాకా తెచ్చుకుని ఆగిపోయాడు. అంతమందిలో చివరి వరసకేసి చూశాడు. ఆ చూపులో అడగడం లేదు, నిందించడమూ లేదు. ఏం చెప్పాలో తెలియని మనిషి చూపు.

చెప్పేస్తాడేమో అనుకుంది మంగ. చెప్పడు అని కూడా తెలుసు. తనకి ఇచ్చిన మాట కోసం అంతమంది ముందు నీళ్ళు నములుతూ నిలబడతాడు. ఆమె లేచింది.

"మా ఆయనతో మాట్లాడలేదు," అంది జర్మన్‌లో. మైకు లేకపోయినా వినిపించింది. "నాతో మాట్లాడారు. నేను ఆ వార్డులో మిడ్‌వైఫ్‌ని."

ఎవరో మైకు తెచ్చిచ్చారు. బ్రాండ్‌హోర్స్ట్ ఏమన్నాడో, కాఫీతో సహా, ఉన్నదున్నట్టు చెప్పింది. అడగలేదు అని నవ్విన సంగతి కూడా చెప్పింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఆగండి. నేను అది తీసుకుందామనే అన్నాను. ఏడాదైనా వార్డు ఉంటుందని. ఇంట్లో మా ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను, జవాబు రాలేదు. ఇక్కడ అడుగుతున్నా." ఇస్సాకు వైపు తిరిగింది. "మీ చట్టం వచ్చేదాకా ఈ ఆడవాళ్ళు ఎక్కడికి పోవాలి?"

కొందరు నవ్వారు, మొగుడూ పెళ్ళాల తగాదా అనుకుని. ఇస్సాకు నవ్వలేదు. మైకు మళ్ళీ పైకెత్తాడు.

"నా దగ్గర జవాబు లేదు," అన్నాడు. "నిజంగా లేదు. నాకే ఒక కూతురుండి, ఆమెకి నెలలు నిండి ఉంటే నేను కూడా ఆ ఏడాది తీసుకుని నోరు మూసుకునేవాణ్ణే. అందుకే అలాంటి బేరాలు పనిచేస్తాయి. అవతలివాడు చెడ్డవాడని కాదు, మనకి అవసరం అని. మీకు అవసరమైనదాన్ని తీసేసుకుని, మీరు మాట్లాడకపోతే తిరిగి ఇస్తానని చెప్పగలిగేంత బలం ఒక కంపెనీ చేతికి ఇవ్వకూడదు. ఇచ్చింది మనమే. వెనక్కి తీసుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో పుట్టేవాళ్ళకి నేనేం చెప్పాలో నాకు తెలీదు."

అక్కడితో కూర్చున్నాడు. పెద్ద పార్టీ అభ్యర్థి మైకు తీసుకుని, తన దగ్గర ప్రణాళిక ఉందని మొదలుపెట్టాడు.

రాజ్యశ్రీ మంగ చెయ్యి పట్టుకుంది. "గిట్ల చెప్పినవేందక్కా? నీ నౌకరి?"

"పోతుంది," అంది మంగ. పాపని తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, తన చేతులకి ఏదో ఒక పని కావాలని.

కంపెనీ మర్నాడే ప్రకటన ఇచ్చింది. అలాంటి సంభాషణ ఏదీ జరగలేదని, ఉద్యోగి అపార్థం చేసుకున్నారని. ఆ వారంలోనే మంగని డ్యూటీకి రావద్దన్నారు. జీతం వస్తుంది, మనిషి రాకూడదు. పనికిమాలిన మాటలా అనిపించింది ఆమెకి. పొద్దున్నే లేచి, యూనిఫాం ఇస్త్రీ చేసి, ఎక్కడికీ వెళ్ళకుండా వంటింట్లో నిలబడేది.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఇస్సాకు అడిగాడు. "సభలో అలా అడిగావే, నా మీద కోపంతోనా?"

"కోపం ఉంది. అయితే అందుకు కాదు."

"మరెందుకు?"

"ఇంట్లో అడిగితే మీరు నాకు జవాబు చెప్పాలని చూశారు. అక్కడైతే నిజం చెప్తారనిపించింది."

ఇస్సాకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒక్క క్షణం నిన్ను చూసి అసహ్యం వేసింది," అన్నాడు. "నా సభ పాడుచేస్తోందని. ఆ క్షణం నాకు గుర్తుంటుంది."

"నాకూ వేసింది లెండి, ఆ మైకు పట్టుకుని నిలబడ్డ మిమ్మల్ని చూసి," అంది మంగ. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నారు.

ఇస్సాకు ఓడిపోయాడు. అది ముందు నుంచీ తెలిసిందే. ఆల్టెన్‌గ్రుండ్‌లో మాత్రం ఒక పెద్ద పార్టీ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. నియోజకవర్గం మొత్తం మీద చూస్తే లెక్కలోకి రాలేదు. ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు నిచ్చెన కారు మీద కట్టుకుని ఊరూరా పోస్టర్లు విప్పడానికి వెళ్ళాడు. మంగ కూడా వెళ్ళింది. ఆమె నిచ్చెన పట్టుకుంటే అతను తాళ్ళు కోశాడు.

డిసెంబరు ఆఖరుకి ప్రసూతి వార్డు మూసేశారు. మంగ మాట్లాడకపోయి ఉంటే ఇంకో ఏడాది ఉండేదని అన్నవాళ్ళున్నారు. మాంసం కొట్టు దగ్గర ఒకామె ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆమె కోడలికి నెలలు. మంగ ఆమెని తప్పుబట్టలేకపోయింది. ఎలాగూ మూసేసేవారే అన్నవాళ్ళూ ఉన్నారు. రెండింటిలో ఏది నిజమో తెలుసుకునే దారి లేదు. అదే ఆమెని అన్నిటికంటే ఎక్కువ వేధించింది. కూరగాయలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ ఆ ఏడాదిని మళ్ళీ మళ్ళీ తూచేది. ఒకసారి ఇటు మొగ్గేది, ఒకసారి అటు.

జనవరిలో జిల్లా సభ ఒక తీర్మానం చేసింది. ఇకమీదట జిల్లా ఆస్తి అమ్మితే ఒప్పందం అందరికీ కనపడేలా పెట్టాలని. పాతవాటికి వర్తించదట. ఇస్సాకు ఆ సాయంత్రం కోపంతో ఇల్లంతా తిరిగాడు.

"ఆసుపత్రి సంగతి అలాగే ఉండిపోయింది! ఇంకేం మిగిలిందని అమ్మడానికి?"

"బడులున్నాయి. నీళ్ళున్నాయి. అడవి ఉంది," అంది మంగ. "కూర్చోండి."

కూర్చోలేదు. వచ్చే సమావేశానికి మళ్ళీ ప్రశ్న రాసుకున్నాడు.

మంగకి కింద పట్నంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. కొండ మీద నుంచి గంట పైన బస్సు. ఫిబ్రవరిలో ఒక పొద్దున బస్సు నిండా జనం. మాస్కుల్లో ఎవరికి ఎవరో తెలియడం లేదు. ఆమె ఎప్పటిలాగే కూర్చోకుండా కమ్మీ పట్టుకుని నిలబడింది. పక్కన నిలబడ్డ పెద్దాయన చాలాసేపు చూసి, "చౌకులో మాట్లాడింది మీరే కదా?" అన్నాడు.

"అవునండీ."

"నేను మీ ఆయనకి ఓటు వెయ్యలేదు."

"ఎందుకని?"

"జవాబు లేదన్నాడు కదా. జవాబు లేనివాడు అక్కడికి వెళ్ళి ఏం చేస్తాడనుకున్నాను."

"మరి ఎవరికి వేశారు?"

"ప్రణాళిక ఉందన్నాడే, ఆయనకి."

బస్సు మలుపు తిరిగింది. ఇద్దరూ కమ్మీ గట్టిగా పట్టుకున్నారు.

"ఏమైంది ఆ ప్రణాళిక?" అని అడిగింది మంగ. ఎగతాళికి కాదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

పెద్దాయన భుజాలు ఎగరేశాడు. కాసేపటికి, "మా మనవరాలికి మే నెలలో కాన్పు," అన్నాడు. "మీరు ఏ ఆసుపత్రిలో చేస్తున్నారు ఇప్పుడు?"

మంగ ఆసుపత్రి పేరు చెప్పింది. ఆయన కోటు జేబులో పెన్ను కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. మంగ తన నంబరు మెల్లగా చెప్తుంటే ఆయన ఫోన్లో ఒక్కొక్క అంకే నొక్కి పెట్టుకున్నాడు.